మామ ఆటోగ్రాఫ్ బుక్కు, నా ఆరున్నర వేల బంతి: ఆటగాళ్ళ సంతకాలు కొనేముందు, దాచేముందు

1987 అక్టోబరు 10న మా మేనమామ నల్లగొండలో తెల్లారగట్ల బస్సెక్కి, హైదరాబాద్ గౌలిగూడ బస్టాండులో దిగి, అక్కణ్ణుంచి నడుచుకుంటూ ఫతే మైదాన్‌కు పోయాడు. వరల్డ్ కప్ మ్యాచ్, న్యూజీలాండ్‌కూ జింబాబ్వేకూ. మనవాళ్ళు ఆడని మ్యాచ్‌కు అంత దూరం ఎందుకు పోయావు మామా అంటే "టికెట్టు దొరికింది, పోయిన" అంటాడు. ఆ రోజు డేవ్ హౌటన్ 142 కొట్టాడు, అయినా జింబాబ్వే 3 పరుగుల తేడాతో ఓడింది. మామ జేబులో చిన్న ఆటోగ్రాఫ్ బుక్కు ఉంది, గులాబి, పసుపు, లేత ఆకుపచ్చ కాగితాలు వరసగా వచ్చేది, పదో తరగతి ఫేర్‌వెల్ నాడు దోస్తులతో రాయించుకునే రకం. అందులో నాలుగు సంతకాలు పెట్టించుకుని రాత్రికి ఇల్లు చేరాడు. బస్సు చార్జీ, టికెట్టు, మధ్యలో ఒక చాయ, అంతే ఖర్చు. సంతకానికి పైసలివ్వడం అనే మాటే అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ముప్పై ఏడేళ్ళ తర్వాత నేను ఒక బంతి మీద ఒక్క సంతకానికి 6,500 రూపాయలు కట్టాను. అది నకిలీ అని తర్వాత తేలింది. ఆ దెబ్బ తగిలాకే కూర్చుని ఈ విషయమంతా నేర్చుకున్నాను, మీకు ఆ ఫీజు లేకుండా చెప్తున్నాను.

ముందు ధర ఎందుకింత ఎక్కిందో అర్థం చేసుకోండి, అది తెలియకపోతే ఎవడు ఎంత చెప్తే అంతే అనుకుంటారు. ఈ వ్యాపారం పుట్టింది మన దగ్గర కాదు, అమెరికాలో, బేస్‌బాల్ చుట్టూ. 1980ల్లో అక్కడ ఆటగాళ్ళ బొమ్మల కార్డులు అమ్మే సంతలు బాగా పెరిగాయి. జో డిమాజియో, మికీ మాంటిల్ లాంటి రిటైరైన పెద్దవాళ్ళు బల్ల ముందు కూర్చుంటే జనం టికెట్టు కొని లైన్లో నిలబడి సంతకం చేయించుకునేవాళ్ళు. చేతికి నోట్ల రూపంలో వచ్చే డబ్బు కదా, కొందరు లెక్క చూపించలేదు. 1990లో పీట్ రోజ్ ఇలాంటి ఆదాయాన్ని దాచి తప్పుడు పన్ను రిటర్నులు ఇచ్చానని ఒప్పుకుని 5 నెలల జైలు శిక్ష వేయించుకున్నాడు, 1995లో డ్యూక్ స్నైడర్, విల్లీ మెకోవీ కూడా పన్ను కేసులో నేరం ఒప్పుకున్నారు. సంతకాల మీద ఎంత డబ్బు తిరుగుతోందో జనానికి ఇలాంటి కేసులతోనే తెలిసింది.

అదే 1990లో అప్పర్ డెక్ అనే కార్డుల కంపెనీ ఇంకో పని చేసింది. బేస్‌బాల్ ఆటగాడు రెగీ జాక్సన్ చేత 2,500 కార్డుల మీద సంతకం చేయించి, నంబర్లు వేసి, మామూలు కార్డు ప్యాకెట్లలో కలిపేసింది. మనం చిన్నప్పుడు బబుల్ గమ్ ప్యాకెట్లో క్రికెటర్ బొమ్మ కోసం వెతికినట్టే, కాకపోతే ఇక్కడ దొరికేది అసలు సంతకం, దానికి కంపెనీ పూచీ. అక్కణ్ణుంచి సంతకం అభిమానం సంగతి దాటి సరుకు అయిపోయింది. అది ఎక్కడిదాకా పోయిందంటే 2025 ఆగస్టులో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు మైకేల్ జోర్డన్, కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలూ, వాళ్ళ జెర్సీల మీది లోగో ముక్కలూ ఉన్న ఒకే ఒక్క కార్డు వేలంలో 1 కోటీ 29 లక్షల డాలర్లు పలికింది. మన డబ్బుల్లో 110 కోట్లకు పైనే. నాకైతే ఆ అంకె చదివినప్పుడు నవ్వొచ్చింది, కానీ కొన్నవాళ్ళు నవ్వుతూ కొని ఉండరు.

సరుకైతే నకిలీ రాక మానదు. 1990ల చివర్లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ శాన్‌డియాగోలో "ఆపరేషన్ బుల్‌పెన్" అని పెద్ద దర్యాప్తు చేసింది. అక్కడి ఆటగాడు టోనీ గ్విన్ తన పేరుతో అమ్ముతున్న నకిలీ సంతకాలను తానే గుర్తుపట్టాడు. పట్టుబడిన సరుకులో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి. ఒక్క క్షణం ఆలోచించండి, ఆమె బేస్‌బాల్ బంతి మీద సంతకం పెట్టడమేంటి, అయినా కొనేవాళ్ళున్నారు. దీని తర్వాత సంతకం అసలుదా కాదా అని చూసి సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీలకు గిరాకీ పెరిగింది. పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ పేర్లు మీరు విని ఉంటారు. అప్పటినుంచి ధరలో సంతకం వాటా సగమైతే, "ఇది అసలుదే" అన్న నమ్మకం వాటా మిగతా సగం. ఒకే సంతకం, స్టిక్కర్ ఉంటే ఒక రేటు, లేకపోతే ఇంకో రేటు.

మన దగ్గర కథ వేరేలా నడిచింది. 1983లో వరల్డ్ కప్ గెలిచిన జట్టుకు బహుమతి ఇవ్వడానికి బోర్డు దగ్గర డబ్బుల్లేక లతా మంగేష్కర్ చేత కచేరీ పెట్టించి, ఆటగాడికి లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు. ఆ కాలంలో ఆటగాడు కూడా మనలాగే హోటల్ బయట చాయ తాగుతూ దొరికేవాడు. 2008లో ఐపీఎల్ వచ్చాక బస్సు నేరుగా స్టేడియం లోపలికి, మధ్యలో సెక్యూరిటీ, బారికేడ్లు. దానికి తోడు ఫోన్లో కెమెరా వచ్చింది. ఇప్పుడు ఆటగాడు దొరికితే పిల్లలు పెన్ను తీయరు, ఫోన్ తీస్తారు. అంటే కొత్తగా కాగితం మీదికి వచ్చే సంతకాలు తగ్గాయి, పాతవి ఎలాగూ పెరగవు, కావాలనుకునేవాళ్ళ చేతిలో మాత్రం డబ్బు పెరిగింది. ధర ఎక్కక ఏం చేస్తుంది?

కానీ పాతదంతా ఖరీదైనదని అనుకోకండి, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డాన్ బ్రాడ్‌మన్ సంతకం తీసుకోండి. ఆయనకంటే పెద్ద పేరు క్రికెట్‌లో లేదు, కానీ ఆయన 92 ఏళ్ళు బతికి 2001లో పోయేదాకా, దశాబ్దాల పాటు అభిమానుల ఉత్తరాలకు జవాబులు రాస్తూ, పంపిన ఫొటోల మీద సంతకాలు పెడుతూనే ఉన్నాడు. అందుకే ఆయన సంతకాలు మార్కెట్లో బాగానే తిరుగుతుంటాయి. అదే ఆస్ట్రేలియా పాతతరం బ్యాట్స్‌మన్ విక్టర్ ట్రంపర్ 1915లో 37 ఏళ్ళకే చనిపోయాడు, ఆయన సంతకం దొరకడమే గగనం. పేరు ఎంత పెద్దదన్నది ఒక లెక్క, ఎన్ని మిగిలాయన్నది ఇంకో లెక్క, రెండూ కలిపి చూడాలి. ఇంకోటి, వస్తువు. 2011 ఫైనల్లో ధోనీ సిక్స్ కొట్టిన బ్యాట్ లండన్‌లో చారిటీ వేలంలో లక్ష పౌండ్లు పలికింది. అది చదివి, దుకాణంలో కొన్న బ్యాట్ మీద ధోనీ సంతకం ఉన్నవాడు కూడా లక్షలు అడుగుతాడు. ఆ డబ్బు ఆ మ్యాచ్‌లో ఆడిన బ్యాట్‌కు వచ్చింది, దానికీ దీనికీ పోలిక లేదు.

ఇప్పుడు నా బంతి. సోషల్ మీడియాలో ఒక పేజీ వాళ్ళు పెట్టారు, ఎర్ర బంతి, వెండి రంగు మార్కర్‌తో మన పెద్ద బ్యాట్స్‌మన్ ఒకాయన సంతకం, పక్కన మెరిసే హోలోగ్రామ్, "సర్టిఫికెట్ ఆఫ్ అథెంటిసిటీ" అని బంగారు అంచు కాగితం. 6,500 పంపాను. బంతి వచ్చింది, షోకేస్‌లో పెట్టాను, ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించాను. నెల తర్వాత మా వీధిలో అవుసలాయన దగ్గరికి మా ఆవిడ పుస్తెలతాడు తూకం వేయించడానికి పోయినప్పుడు, ఊరికే సరదాకు బంతి కూడా తీసుకుపోయాను. ఆయన నగలు చూసే చిన్న భూతద్దం కంటికి పెట్టుకుని, తిప్పి తిప్పి చూసి, "ఇది రాసింది గాదు సార్, చుక్కలు చుక్కలున్నయి" అన్నాడు. నేను చూశాను. గీత అంచు వెంబడి సన్నటి చుక్కల వరస, ఎక్కడా పెన్ను ఆగిన గుర్తు లేదు, గీత మీద గీత దాటిన చోట సిరా మందంగా లేదు. ప్రింటు వేశారు. ఆ తర్వాత అదే పేజీలో ఇంకో నాలుగు బంతుల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే సంతకం అన్నిటి మీదా ఒకే వంపు, ఒకే సైజు, కుట్టుకు అదే దూరం. మనిషి చెయ్యి రెండుసార్లు ఒకేలా రాయదు, బ్యాంకు చెక్కు మీద నా సంతకమే రెండుసార్లు కలవక వెనక్కి వచ్చింది! వాళ్ళకు మెసేజ్ పెడితే బ్లాక్ చేశారు.

కాబట్టి కొనేముందు మీరు చేయాల్సిన మొదటి పని, మంచి వెలుతురులో పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దంతో చూడటం. లేకపోతే ఏ అవుసలాయన దగ్గరికైనా పొండి, చాయ పైసలతో పనైపోతుంది. పెన్నుతో రాసిన గీత మొదట్లో, చివర్లో సన్నబడుతుంది, వేగంగా పోయిన చోట పలచగా, మలుపులో కొంచెం ముద్దగా ఉంటుంది. ఇంకొకరి సంతకాన్ని చూసి నిదానంగా గీసినవాడి గీత వణుకుతుంది, మధ్యలో ఆగి మళ్ళీ మొదలైన చోటు కనిపిస్తుంది. బాల్ పెన్నుతో పెట్టిందైతే కాగితం వెనక వేలితో తడిమితే ఒత్తు తగలాలి. ఆటల పత్రికల నడిపేజీ పోస్టర్ల మీద సంతకాలు ఉంటాయి చూడండి, వాటిలో చాలావరకు పోస్టర్‌తో పాటే అచ్చేసినవి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అలాంటివి దొరికితే పోస్టర్ ధరకు కొనండి, సంతకం ధరకు వద్దు.

రెండోది, తారీఖులు. దీనికి భూతద్దం కూడా అక్కర్లేదు, కొంచెం లెక్క చాలు. షార్పీ మార్కర్ మార్కెట్లోకి వచ్చింది 1964లో, కాబట్టి 1950ల్లో పెట్టించుకున్న సంతకం అని చెప్పి షార్పీ గీత చూపిస్తే దండం పెట్టి రండి. 1983 జట్టు మొత్తం సంతకాలు పెట్టిన బ్యాట్లు అమ్మకానికి తెగ వస్తుంటాయి. జట్టులో 14 మంది, యశ్‌పాల్ శర్మ 2021 జులైలో చనిపోయాడు. ఈ మధ్య ఫంక్షన్లో పెట్టించామని చెప్పి 14 సంతకాలు చూపిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. మన హైదరాబాదీల విషయంలో కూడా ఇదే లెక్క పనికొస్తుంది: జయసింహ 1999లో పోయాడు, హైదరాబాద్ తరఫున రంజీ ఆడిన పటౌడీ 2011లో. అమ్మేవాడు చెప్పే కథలో ఏడాది ఏదో ముందు అడగండి, అడగ్గానే "మా తాత దగ్గర్నుంచి వచ్చింది" అని దాటేస్తే వదిలేయండి.

మూడోది సర్టిఫికెట్. అమ్మేవాడే ప్రింటు తీసి ఇచ్చే కాగితానికి, పెళ్ళి పత్రిక మీద "బంధుమిత్రుల అభినందనలతో" అన్నదానికి ఉన్నంత విలువే ఉంటుంది. పెద్ద కంపెనీల స్టిక్కర్ మీద నంబరు ఉంటుంది, వాళ్ళ వెబ్‌సైట్లో కొడితే ఆ వస్తువు వివరం వస్తుంది. నంబరు ఉంది కదా అని ఆగిపోవద్దు, అక్కడ "ఫొటో" అని ఉంటే మీ చేతిలోది బంతి అయినప్పుడు మీకు తెలిసిపోవాలి, అసలు నంబరునే దొంగ స్టిక్కర్ మీద వేసేవాళ్ళున్నారు. మనం ఇక్కణ్ణుంచి అమెరికాకు పంపి పరీక్ష చేయించాలంటే పోస్టేజీ, ఫీజు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి చాలాసార్లు సంతకం ధరనే దాటిపోతాయి. కొన్ని వేల రూపాయల వస్తువుకు ఆ పని వద్దని నా మాట.

ధర చూసుకునేటప్పుడు అడిగే ధర చూడకండి, అమ్ముడైన ధర చూడండి. ఆన్‌లైన్ వేలం సైట్లలో "సోల్డ్" అని విడిగా చూపించే చోటు ఉంటుంది. అయిదు లక్షలని పెట్టి మూడేళ్ళుగా ఎవరూ కొనకుండా కూర్చున్న బ్యాట్లు బోలెడు. వేలం కంపెనీలో కొంటే పాట పాడిన ధర మీద 20 శాతం అటూ ఇటుగా కమిషన్ కట్టాలి, అది లెక్కేసుకుని పాడండి, లేకపోతే చివర్లో టెన్షన్. "ప్రియమైన రమేష్‌కు" అని మీ పేరు రాయించుకున్న సంతకానికి అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది, ఇంకో రమేష్ దొరకాలి కదా. కానీ దొంగ సంతకాలు చేసేవాళ్ళు ఎక్కువగా పేర్లు రాయరు, ఎవరికైనా అమ్మాలి కాబట్టి. అందుకే దాచుకోవడానికే అయితే నేను పేరున్నవే కొంటాను, చవగ్గా వస్తాయి, నమ్మకమూ ఎక్కువ.

ఇక అసలు విషయం, పైసలు పెట్టకుండా సంతకాలు తెచ్చుకోవడం. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్ దిగితే ఉప్పల్ స్టేడియం పక్కనే, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా రావచ్చు. ఐపీఎల్ రోజు పోకండి, ఆ రోజు దేవుడు కూడా సంతకం పెట్టించుకోలేడు. రంజీ మ్యాచ్ రోజు పొండి, జనం ఉండరు. ప్రాక్టీసుకు పోతున్నప్పుడు ఆపకండి, ఆట అయిపోయాక, కిట్ బ్యాగు భుజాన వేసుకుని బయటికి వస్తున్నప్పుడు అడగండి. ఇవాళ ఎవరికీ తెలియని పంతొమ్మిదేళ్ళ బౌలర్ నవ్వుతూ, ఆగి, పేరు పూర్తిగా రాసి పెడతాడు, అలాంటి పూర్తి పేరు సంతకాలు రేపు వాడు పెద్దవాడయ్యాక దొరకవు, అప్పుడు రెండు గీతలు గీసి పోతాడు. మన జిల్లాల్లో టోర్నమెంట్లు, స్కూల్ గేమ్స్ ప్రారంభాలకు పాత ఆటగాళ్ళను ముఖ్య అతిథులుగా పిలుస్తుంటారు. పూలదండలు, శాలువాలు అయిపోయాక అరగంట ఖాళీగా కూర్చుంటారు, మీరు పోయి వాళ్ళు ఆడిన ఒక మ్యాచ్ గురించి అడిగితే సంతకంతో పాటు కథ కూడా వస్తుంది. క్రికెట్ ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. బ్యాడ్మింటన్, బాక్సింగ్, కబడ్డీ, పారా అథ్లెట్ల దగ్గర తోపులాట తక్కువ.

వెంట తీసుకుపోవాల్సినవి: తెల్ల కార్డులు, కింద పెట్టుకోవడానికి పరీక్ష అట్ట, సన్న మొన నల్ల మార్కర్ రెండు. రెండు ఎందుకంటే ఒకటి ఆ సమయానికే ఎండిపోతుంది, ఇది నా అనుభవం. మూత తీసి చేతికివ్వండి. ఎర్ర బంతికి వెండి రంగు పెయింట్ మార్కర్ కావాలి, కొత్త బంతి మీద మెరుపు పూత ఉంటుంది, పొడి గుడ్డతో గట్టిగా తుడవకపోతే సిరా నిలవదు, పెట్టించాక అయిదు నిమిషాలు ముట్టుకోవద్దు. జెర్సీ అయితే అట్ట మీద బిగించి పట్టుకోవాలి. ఒక్కటే అడగండి, అయిదు కార్డులు చాపితే అమ్ముకునేవాడనుకుని మొహం తిప్పుకుంటారు, అనుకోవడం తప్పు కూడా కాదు.

ఇంటికొచ్చాక వెంటనే వెనక పెన్సిల్‌తో రాయండి: ఎవరు, ఎక్కడ, ఏ రోజు, ఏ మ్యాచ్. సంతకం పెడుతుండగా దోస్తు తీసిన ఫొటో ఉంటే దాని కాపీ, మ్యాచ్ టికెట్టు కూడా అదే కవర్లో పెట్టండి. మీ దగ్గరున్న ఆ ఫొటో బంగారు అంచు సర్టిఫికెట్ల కంటే గట్టిది.

దాచడంలో మన ఎండలతోనే అసలు పేచీ. మే నెలలో రేకుల కింద గదిలో, అటక మీద పెడితే సిరా పాలిపోతుంది, కాగితం పెళుసెక్కుతుంది. ఎండ తగిలే గోడకు ఫ్రేమ్ కట్టి వేలాడదీయకండి, ట్యూబ్‌లైట్ కింద కూడా వద్దు. బీరువా మధ్య అర మంచిది. కలరా ఉండలు వేస్తే గుడ్డలో కట్టి దూరంగా వేయండి, కాగితానికి తగలకూడదు. పాత పీవీసీ ఆల్బమ్‌లు, జిగురు పేజీల ఆల్బమ్‌లు సంతకాన్ని తమ ప్లాస్టిక్‌కే అంటించుకుంటాయి, పాలిప్రొపిలీన్ కవర్లు అడిగి తీసుకోండి. సెల్లోటేప్ వేస్తే పదేళ్ళకు పచ్చటి మరక మిగులుతుంది.

ల్యామినేషన్ మాత్రం అస్సలు చేయించకండి. మన దగ్గర రేషన్ కార్డు దగ్గర్నుంచి తాత ఫొటో దాకా కాస్త ముఖ్యమైనదనిపిస్తే చాలు, ల్యామినేషన్ దుకాణానికి పరిగెడతాం. మామ కూడా 2000 చుట్టుపక్కల అదే చేశాడు. బుక్కులోంచి గులాబి కాగితం చింపి గడియారం సెంటర్ దగ్గర ఒక దుకాణంలో ఇచ్చాడు. వేడి రోలర్‌లోంచి బయటికి వచ్చేసరికి రెండు సంతకాల సిరా ఊదారంగు మబ్బులా పరుచుకుపోయింది. ప్లాస్టిక్ ఇప్పుడు విప్పితే కాగితం పొర కూడా ఊడొస్తుంది. దుకాణమాయన అయిదు రూపాయలు తగ్గించాడట.

మిగిలిన పసుపు కాగితం మీద ఇంకా రెండు సంతకాలున్నాయి. ఒకటి హౌటన్‌దేనని మామ ఒట్టేసి చెప్తాడు, ఆ కాలం నాటి అసలు సంతకాల ఫొటోలతో పోలిస్తే హెచ్ అక్షరం సరిగ్గానే కుదిరింది. రెండోది ఎవరిదో తెలియదు, ఆ రోజు వెనక పేరు రాసుకోలేదు. నిరుడు సంక్రాంతికి పోయినప్పుడు ఆ మ్యాచ్ స్కోర్‌కార్డు ప్రింటు తీసుకుపోయి, రెండు జట్లలో ఇరవై రెండు పేర్లూ ఒక్కొక్కటే సంతకం పక్కన పెట్టి చూశాం. మొదటి అక్షరం జె కావచ్చు, టి కావచ్చు. మామ కళ్ళద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూసి, "బలే ఎత్తుండె రా అల్లుడా, నా నెత్తి మీద బుక్కు పెట్టి రాసిండు" అన్నాడు. ఇప్పుడు ఆ రెండు జట్లలో ఎత్తుగా ఉన్నవాళ్ళెవరో వెతుకుతున్నాం.